వేటగాండ్రు పెంచిన పచ్చికబయళ్లు

భూమిని నమ్ముకొని జీవించు కుటుంబము ఏ దేశమందున్నను దాని చింతలు దాదాపు ఒక్కటే. తాతనాటి పొలము మనుమని నాటికి సారము కోల్పోవును. వానకు మేలిమన్ను కొట్టుకొనిపోవును. పశువులకు మేత కరవగును. అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిభాగమందలి రైతులను ఇట్టి చింత సుమారు తొంబది సంవత్సరముల క్రిందట తీవ్రముగా చుట్టుముట్టినది. దానినుండి బయటపడుటకు వారిలో కొందరు త్రొక్కిన త్రోవ కొంత విచిత్రమైనది. తమ సొంత భూమిలో కొంత భాగమును దున్నుట మాని, పూర్వమచట తనంతట పెరుగుచుండిన గడ్డిని వారు మరల పెంచిరి. ఈ పనికి వారిలో పెక్కుమందిని పురికొల్పినది వేటయందలి మక్కువ.

వేటాడువాడే పక్షికి గూడు కట్టుకొను తావు చూపుట యెట్లు? ఒక కుటుంబము తన జీవితకాలములో పాడుపడిన నేలను బాగుచేయగలదా? చేసినచో అది తరువాతి తరములకు నిలుచునా? ఈ ప్రశ్నలకు అచటి అనుభవము చెప్పు సమాధానములను పాఠకులకు తెలుపదలచితిమి. వేటను పొగడుట మా యుద్దేశము కాదు. మన దేశమున వన్యప్రాణుల వేట చట్టరీత్యా నేరము. ఆ సంగతిని వ్యాసము చివర మరల ప్రస్తావింతుము.

ప్రెయిరీ యనగా నేమి?

ఉత్తర అమెరికా ఖండము నడుమ, కెనడా దక్షిణ భాగము మొదలు టెక్సాస్ వరకు వ్యాపించిన గడ్డి మైదానములకు ప్రెయిరీలని పేరు. పడమట రాకీ పర్వతముల చెంత వాన తక్కువ. కావున అచట గడ్డి పొట్టిగా నుండును. తూర్పునకు పోవుకొలది వాన హెచ్చి, గడ్డియు పొడవుగా పెరుగును. అయోవా, ఇల్లినాయి, మిన్నెసోటా, మిస్సోరీ, కాన్సాస్ మొదలగు రాష్ట్రములలో అది మనిషియెత్తునకు మించి పెరిగెడిది. ఈ పొడవు గడ్డి ప్రెయిరీ ఒకప్పుడు సుమారు 17 కోట్ల ఎకరములలో పరచుకొని యుండెను.

అందు ముఖ్యమైనది పెద్ద బ్లూస్టెమ్ అను గడ్డి. వృక్షశాస్త్రరీత్యా అది మన జొన్నకును, చెరకునకును చుట్టము. నేలపైన ఆరేడు అడుగులు పెరుగు ఈ గడ్డి వేళ్లు నేలలోనికి ఎనిమిది, పది అడుగుల వరకు దిగును. ఏటేట ఆ వేళ్లలో కొంత భాగము చచ్చి, కుళ్లి, మన్నులో కలియును. వేలాది సంవత్సరములు ఇట్లు జరుగగా నల్లని సారవంతమైన నేల ఏర్పడెను. నేడు మొక్కజొన్నను, సోయాచిక్కుడును విస్తారముగా పండించుచున్న ఆ నేల, గడ్డివేళ్లు కూడబెట్టిన ఆస్తియే యని చెప్పవచ్చును.

ప్రెయిరీలో గడ్డితోపాటు వందలాది పూలమొక్కలు పెరుగును. మన కంది, పెసర మొక్కలవలె గాలిలోని నత్రజనిని నేలకు చేర్చు మొక్కలు అందు కలవు. జిల్లేడు కుటుంబమునకు చెందిన పాలమొక్కలు కలవు. మోనార్క్ అను ప్రసిద్ధమైన సీతాకోకచిలుక పిల్లపురుగులకు ఆ పాలమొక్కల ఆకులు తప్ప వేరు ఆహారము లేదు. గడ్డిపిలకల నడుమ నేలమీద గుడ్లు పెట్టు పక్షులు అనేకము కలవు.

ఈ బయళ్లను చెట్లు కమ్ముకొనకుండ కాపాడినవి నిప్పును, మేసెడి జంతువులును. మెరుపులవలన కొన్నిమార్లు మంటలు పుట్టెడివి. అచటి ఆదిమ జాతుల ప్రజలు మేత చిగిర్చుటకును, వేటజంతువులను ఆకర్షించుటకును బుద్ధిపూర్వకముగా నిప్పు పెట్టెడివారు. గడ్డికి చిగురు పుట్టు చోటు నేలమట్టమున గాని, నేలలో గాని యుండును. కావున మంట పోయిన కొలది దినములకే అది మరల పచ్చబడును. లేత చెట్లు మాత్రము మాడిపోవును. బైసన్ అను అడవిదున్నలు కోట్ల సంఖ్యలో మేసి, త్రొక్కి, పేడవేసి ఆ నేలకు మేలు చేసెడివి.

నాగలి వచ్చిన తరువాత

ఆ నేల ఎవరికిని చెందక పడియుండినది కాదు. ఆదిమ జాతులను ఒప్పందములచేతను, బలముచేతను తరలించిన పిమ్మటనే అది వలస వచ్చినవారి చేతికి చిక్కెను. 1862 నాటి హోంస్టెడ్ చట్టము ప్రకారము ఒక్కొక్క కుటుంబము 160 ఎకరముల వరకు పొందుటకు వీలు కలిగెను. అంతకు పూర్వమే, 1837లో, ఇల్లినాయి రాష్ట్రమున జాన్ డీర్ అను కమ్మరి నునుపైన ఉక్కుతో నాగలి చేసెను. పాత నాగళ్లకు ప్రెయిరీ జిగటమన్ను అంటుకొని సాగెడిది కాదు. ఉక్కునాగలికి మన్ను అంటక జారిపోవుటచే వేరుల దట్టమును చీల్చుట సులభమయ్యెను.

పిదప జరిగిన మార్పు ఊహకు అందనిది. అయోవా రాష్ట్రమున ఒకప్పుడు నూటికి ఎనుబది పాళ్ల నేల ప్రెయిరీయే. నేడు ఆ ప్రెయిరీలో వేయింట ఒక పాలు కూడ మిగులలేదు. మొత్తము పొడవు గడ్డి ప్రెయిరీలో మిగిలినది నూటికి నాలుగు పాళ్లకు లోపే. అందు హెచ్చు భాగము కాన్సాస్ రాష్ట్రమందలి ఫ్లింట్ కొండలలో నున్నది. అచట నేల పైపొరలోనే చెకుముకిరాయి యుండుటచే నాగలి దిగలేదు. అందువలన గడ్డి బ్రతికినది.

గడ్డితోపాటు జంతువులును పోయినవి. అంగళ్లకు మాంసము, తోళ్లు అమ్ముకొను వేటగాండ్రు హద్దు లేక చంపిరి. కోట్ల బైసన్‌లు 1889 నాటికి సుమారు వేయింటికి దిగజారెను. ఒకప్పుడు ఆకాశమును కప్పివేయుచు ఎగిరిన ప్రయాణపు పావురముల జాతిలో చివరి పక్షి 1914లో సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో మరణించెను. ప్రెయిరీ కోడికి తూర్పుతీరపు బంధువైన హీత్ కోడి 1932 తరువాత ఎవరికిని కనబడలేదు. 1930 తరువాతి సంవత్సరములలో అనావృష్టి రాగా, దున్నివేసిన పడమటి మైదానముల మన్ను ధూళిమేఘములై లేచి పోయెను. వేలకొలది కుటుంబములు ఊళ్లు విడిచిపోయినవి. 1935లో అమెరికా ప్రభుత్వము నేల కోతను అరికట్టుటకు ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పెను.

ఒక కుటుంబము, ఒక పాడుపడిన పొలము

ఆ 1935లోనే విస్కాన్సిన్ రాష్ట్రమున, విస్కాన్సిన్ నది యొడ్డున, బారబూ పట్టణమునకు సమీపమున ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు చవుకగా ఒక పొలమును కొనెను. ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్. కొన్నది మొదట సుమారు 80 ఎకరములు. ఇసుకనేల, మొక్కజొన్న పండించి పండించి పీల్చివేయబడినది. అందలి ఇల్లు కాలిపోయెను. మిగిలినది ఒక కోళ్ల కొట్టము మాత్రమే. కుటుంబమంతయు కలిసి దానిలోని పెంటను ఎత్తిపోసి, మరమ్మతు చేసి, సెలవుదినములలో తలదాచుకొను పాకగా మార్చుకొనిరి. ఆ పొలమును కొన్న తొలి యుద్దేశములలో వేటకు విడిది ఏర్పరచుకొనుట ముఖ్యమైనది.

లియోపోల్డ్ 1887లో అయోవా రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. బాల్యమునుండి తండ్రి వెంట మిసిసిపీ నదీతీరమున బాతుల వేటకు పోయెడివాడు. చట్టము విధింపని కాలముననే ఆ తండ్రి తన వేటకు తానే హద్దులు పెట్టుకొనెడివాడు. లియోపోల్డ్ 1909లో యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్ర పట్టము పొంది, అరిజోనా ప్రాంతమున అటవీశాఖ ఉద్యోగియయ్యెను. తోడేళ్లను చంపినచో జింకలు పెరుగును, వేటగాండ్రకు మేలు కలుగును అని నాటివారి నమ్మకము. ఆయనయు అట్లే నమ్మి తోడేళ్లను చంపెను. తోడేళ్లు పోయిన కొండలమీద జింకలు మితిమీరి పెరిగి, పొదలను, లేత చెట్లను మోడుచేసి, తుదకు తామే ఆకలికి చచ్చుట చూచిన పిమ్మట ఆయన తలపు మారెను. వేటజంతువు నిలుచుట నేలమీద, గడ్డిమీద, నీటిమీద, ఇతర జంతువులమీద కూడ ఆధారపడి యున్నదని ఆయన గ్రహించెను. 1933లో వేటజంతువుల పోషణను గురించి ఒక పాఠ్యగ్రంథము వ్రాసెను. ఆ సంవత్సరమే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను.

తాను బోధించినదానిని ఆయన ఆ 80 ఎకరములలో పరీక్షకు పెట్టెను. భార్య ఎస్టెల్లా, బిడ్డలు స్టార్కర్, లూనా, నీనా, కార్ల్, చిన్న ఎస్టెల్లా వారము చివర మాడిసన్ నగరమునుండి వచ్చి పనిచేసెడివారు. 1936 వసంతమున నాటిన పైను మొక్కలు ఆ యేటి అనావృష్టికి దాదాపు అన్నియు చచ్చిపోయినవి. మరుసటి యేడు మరల నాటిరి. ఇట్లు సుమారు పండ్రెండు సంవత్సరములలో పదుల వేల చెట్లు నాటిరి. పాకకు ఎదుటనున్న పాత మొక్కజొన్న చేనిలో ప్రెయిరీ మొక్కలను గడ్డతో సహా త్రవ్వి తెచ్చి నాటిరి. ఏ పువ్వు ఏ దినమున పూచినదియు, ఏ పక్షి ఏ దినమున వచ్చినదియు దినచర్య పుస్తకములలో వ్రాసికొనిరి. వేటాడినపుడు ఆ వివరములను కూడ అట్లే వ్రాసిరి. లియోపోల్డ్ తన విండ్లను తానే చెక్కి తయారుచేసికొని జింకల వేటకు పోయెడివాడు.

1948 ఏప్రిల్ 21వ తేదీన పొరుగువాని భూమిలో గడ్డికి నిప్పంటుకొనగా, దానిని ఆర్పుటకు పోయిన లియోపోల్డ్ గుండె ఆగి మరణించెను. ఆ పొలమును గురించి ఆయన వ్రాసిన వ్యాసములు మరుసటి సంవత్సరము పుస్తకముగా వెలువడి లోకప్రసిద్ధి గాంచినవి. బిడ్డలు ఆ భూమిని పంచుకొని అమ్ముకొనలేదు. 1982లో తండ్రి పేరిట ఒక సంస్థను స్థాపించి, దాని ద్వారా ఆ పనిని సాగించిరి. కుమార్తె నీనా 1976లో తిరిగి వచ్చి అచటనే నివసించుచు, తండ్రి వ్రాసిన పూల, పక్షుల లెక్కలను కొనసాగించెను. తండ్రి లెక్కలను, తన లెక్కలను పోల్చి, విస్కాన్సిన్‌లో వసంతము పూర్వముకంటె ముందుగా వచ్చుచున్నదని సహచరులతో కలిసి 1999లో ప్రకటించెను. శీతోష్ణస్థితి మార్పునకు అది విలువైన సాక్ష్యమయ్యెను. 2009లో ఆ పాకను, పొలమును జాతీయ చారిత్రక స్థలముగా అమెరికా ప్రభుత్వము గుర్తించెను.

గడ్డిని మరల పెంచు విధము

ప్రెయిరీని తిరిగి పెంచు పద్ధతిని తొలుత విస్తారముగా పరీక్షించినది కూడ ఆ విశ్వవిద్యాలయమే. మాడిసన్‌లోని విశ్వవిద్యాలయ వనమున 1935 ప్రాంతమున, నిరుద్యోగ యువకులకు ప్రభుత్వము కల్పించిన శిబిరములలోని పనివారి సాయముతో పాత పొలములో ప్రెయిరీ మొక్కలు నాటిరి. అందు నిప్పు ప్రభావమును జాన్ కర్టిస్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. 1962లో దానికి కర్టిస్ ప్రెయిరీ యని పేరు పెట్టిరి.

నేడు తన భూమిలో ప్రెయిరీ పెంపదలచిన కుటుంబము చేయు పనులు ఇవి. మొదట విత్తనము సేకరింపవలెను. దూరదేశపు విత్తనముకంటె సమీప ప్రాంతపు విత్తనము మేలు. నాగలి తగులని పాత శ్మశానములలోను, రైలుకట్టల ప్రక్కను మిగిలిన గడ్డితునకలే పెక్కుచోట్ల విత్తనమునకు మూలములు. తరువాత నేలలోని కలుపును, విదేశీ గడ్డిని నిర్మూలింపవలెను. దీనికే ఒకటి రెండు సంవత్సరములు పట్టవచ్చును. ఈ పని సరిగా జరుగనిచో పిమ్మట వేసిన విత్తనము వృథా యగును.

ప్రెయిరీ విత్తనములలో పెక్కింటికి చలిలో, తేమలో కొంతకాలమున్నగాని మొలక రాదు. అందువలన శీతకాల ప్రారంభమున విత్తనములు చల్లుదురు. మంచు కురిసి, నేల గడ్డకట్టి, కరగి, పగుళ్లు వారుటలో విత్తనము తనంతట మన్నులోనికి దిగును. మొదటి సంవత్సరము కంటికి కనబడునది కలుపు మాత్రమే. ప్రెయిరీ మొక్క పైకి పెరుగక వేరును దింపుకొనుచుండును. అప్పుడు కలుపును పలుమార్లు కోసి, చిన్న మొక్కలకు వెలుతురు తగులునట్లు చేయవలెను. రెండవ యేట కొంత పచ్చదనము, మూడవ యేట పూలు కనబడును. ఓర్పు చాలక మొదటి యేడే దున్నివేసినవారు కొందరు కలరు.

తరువాత నిప్పు. రెండు మూడు సంవత్సరములకొక మారు, ఎండు గడ్డికి పథకము ప్రకారము నిప్పు పెట్టుదురు. గాలి దిక్కును, తేమను ముందుగా చూచుకొందురు. చుట్టును గడ్డిని మట్టమునకు కోసి హద్దు వేయుదురు. నీటి తొట్లతో మనుష్యులను నిలుపుదురు. పొరుగువారికి తెలిపి, అవసరమైన అనుమతి పొందుదురు. భూమి మొత్తమును ఒకే మారు కాల్చరు. పురుగులు, చిన్న జంతువులు తలదాచుకొనుటకు కొంత భాగము విడుతురు. లియోపోల్డ్ మరణమే నిప్పుతో ఎంత జాగరూకత వలయునో తెలుపుచున్నది.

వేటకును గడ్డికిని ఏమి సంబంధము?

నేలమీద గూడు కట్టు పక్షికి మూడు వసతులు కావలెను. గుడ్లు దాచుకొనుటకు గత సంవత్సరపు ఎండుకాడలు నిలిచి యుండవలెను. పిల్లలకు తొలివారములలో పురుగులే ఆహారము గనుక పురుగులను ఆకర్షించు పూలమొక్కలు ఉండవలెను. చిన్నపిల్లలు పరుగెత్తుటకు గడ్డిపిలకల నడుమ ఖాళీనేల ఉండవలెను. మొక్కజొన్న చేనిలో ఈ మూడును లేవు. కలగలుపు ప్రెయిరీలో మూడును కలవు. కావున పూరేడు జాతి పక్షులను, ప్రెయిరీ కోళ్లను వేటాడగోరు రైతు గడ్డిని పెంపక తప్పదు. శరదృతువున వేటకు పోవువాడు, వసంతమున గూళ్లు కట్టు కాలమున కోత యంత్రమును ఆపవలెను.

జింక విషయము దీనికి భిన్నము. తోడేళ్లు పోయిన ప్రాంతములలో తెల్లతోక జింకలు అధికముగా పెరిగి, పూలమొక్కలను ఏరి ఏరి తినును. అచట పరిమితమైన వేట గడ్డిబయలునకు కాపుదల యగుచున్నది.

అమెరికాలో భూమి కుటుంబముదే యైనను దానిమీద తిరుగు అడవిజంతువు ఆ కుటుంబపు ఆస్తి కాదు. అది ప్రజలందరి పక్షమున రాష్ట్ర ప్రభుత్వము అధీనమున నుండును. ఏ నెలలో వేటాడవచ్చును, ఎన్నింటిని చంపవచ్చును అను నియమములను రాష్ట్రము విధించును. సాధారణముగా లైసెన్సు తప్పనిసరి. 1934 నుండి బాతులను వేటాడు పెద్దలందరును ప్రతి యేడు ఒక కేంద్ర ప్రభుత్వ స్టాంపు కొనవలెను. మొదట దాని వెల ఒక డాలరు. 2015 నుండి 25 డాలర్లు. ఆ సొమ్ముతో ఇప్పటివరకు 60 లక్షల ఎకరములకు పైగా నీటిపట్టులను, వాటి చెంతనుండు గడ్డిబయళ్లను కాపాడిరి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ప్రకారము వేటతుపాకుల మీదను, తూటాల మీదను వసూలగు నూటికి 11 వంతుల పన్ను రాష్ట్రములకు వన్యప్రాణి సంరక్షణ నిమిత్తము చేరుచున్నది. లైసెన్సు సొమ్మును ఇతర పనులకు మళ్లించు రాష్ట్రమునకు ఈ వాటా దక్కదు.

రైతులకును, పట్టణపు వేటగాండ్రకును పొత్తు కుదుర్చుటకు లియోపోల్డ్ చేసిన ఒక ప్రయత్నము చెప్పదగినది. పట్టణమునుండి వచ్చి అనుమతి లేక పొలములు త్రొక్కు వేటగాండ్రతో రైతులు విసిగియుండిరి. 1931లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి రైలీ అను గ్రామము చెంత, రైతులు భూమిని, శ్రమను, పట్టణపు సభ్యులు ధనమును సమకూర్చుకొని ఒక సహకార సంఘముగా ఏర్పడిరి. పక్షులకు మేతయు, మరుగును కల్పించుట, బయటివారిని అదుపులో నుంచుట, వేటను పంచుకొనుట వారి ఒప్పందము. అది అనేక సంవత్సరములు సాగెను.

నిలుచునా?

ఇంతవరకు చెప్పినదానిలో మేలు భాగమే హెచ్చుగా వచ్చినది. చిక్కులను దాచుట తగదు. వేటగాని కోరికయు, ప్రెయిరీ మేలును ఎల్లప్పుడు ఒక్కటి కావు. అమెరికా వేటగాండ్రకు అత్యంత ప్రీతికరమైన ఫెజంట్ అను పక్షి ఆ దేశపుది కాదు. 1880 తరువాత చైనా నుండి తెచ్చి విడిచినది. అది ప్రెయిరీ కోడి గూటిలో తన గుడ్లు పెట్టి, దాని సంతతికి నష్టము కలిగించును. ఫెజంట్‌ల కొరకును, జింకల కొరకును బయలు నడుమ చెట్ల వరుసలు నాటినచో, వాటిపై వ్రాలు గ్రద్దలకును, వాటిలో దాగు ఇతర జంతువులకును నేలపక్షులు బలియగును. కావున తన వేటపక్షి నొక్కదానిని మాత్రమే చూచుకొను రైతు, ప్రెయిరీ పేరిట మరియొకదానిని పెంచవచ్చును.

రెండవ చిక్కు పంటల ధర. 1985 నాటి వ్యవసాయ చట్టముతో అమెరికా ప్రభుత్వము ఒక పథకమును ఆరంభించెను. కోతకు గురియగు భూమిని 10 మొదలు 15 సంవత్సరములు దున్నక, గడ్డిగాని చెట్లుగాని పెంచు రైతునకు ఏటేట అద్దె చెల్లింతురు. 2007లో ఈ పథకము క్రింద 3 కోట్ల 60 లక్షల ఎకరములకు పైగా ఉండెను. మొక్కజొన్న ధర పెరుగగా, ఒప్పందము ముగిసిన భూములు మరల నాగలి క్రిందికి పోయినవి. తరువాతి పది సంవత్సరములలో మూడవ వంతునకు పైగా తగ్గెను. పది సంవత్సరములు పెరిగిన గడ్డి ఒక్క వారములో పోవుట అచట సామాన్యమైన విషయము.

మూడవ చిక్కు వారసత్వము. తండ్రికున్న ఆసక్తి బిడ్డలకు ఉండవలెనను నియమము లేదు. ఒకరు అమ్మవలెనందురు, ఒకరు దున్నవలెనందురు. ఇందుకు వారు కనుగొన్న ఉపాయము, భూమిని ఉంచుకొని దున్నుహక్కును మాత్రము శాశ్వతముగా వదలుకొనుట. ఉత్తర ప్రెయిరీ రాష్ట్రములలో కేంద్ర ప్రభుత్వపు వన్యప్రాణి శాఖ రైతునకు ఒకే మారు సొమ్ము చెల్లించి ఆ హక్కును కొనును. అందులో బాతుల స్టాంపు సొమ్మును కలదు. పిమ్మట రైతు పశువులను మేపుకొనవచ్చును. గూళ్ల కాలము గడచిన పిదప, జూలై 15 తరువాత, గడ్డి కోసికొనవచ్చును. భూమిని అమ్ముకొనవచ్చును, బిడ్డలకు ఇయ్యవచ్చును. కాని అది ఎవరి చేతికి పోయినను దున్నరాదు. రేపటి బిడ్డల చేతులను నేడే కట్టివేయుట న్యాయమా యని ఆక్షేపించువారు కలరు. నేడు దున్నివేసినచో రేపటి బిడ్డలకు ప్రెయిరీ యను ఎంపికయే మిగులదని సమర్థించువారును కలరు. ప్రతి కుటుంబమును ఈ రెండు మాటలను తూచుకొని నిర్ణయించుకొనవలసియున్నది.

అన్నింటికంటె పెద్ద చిక్కు వేరొకటి. ఎంత శ్రమపడి పెంచినను, మనిషి పెంచిన ప్రెయిరీ నాగలి తగులని ప్రెయిరీతో సమానము కాలేదు. తొంబది సంవత్సరములుగా సాకుచున్నచోట్ల సహితము కొన్ని అరుదైన మొక్కలు, పురుగులు తిరిగి రాలేదు. నేల కోల్పోయిన సారమును కూడబెట్టుకొనుటకు తరములు పట్టును.

మనము గ్రహింపదగినది

మన దేశమున పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వన్యమృగములను, పక్షులను వేటాడుట, వలపన్నుట, వాటి మాంసమును అమ్ముట శిక్షార్హమైన నేరములు. పంటకు గాని, ప్రాణమునకు గాని హాని కలిగినచో అటవీశాఖకు తెలుపవలెను. స్వయముగా తుపాకి యెత్తుట గాని, తీగలకు విద్యుత్తు పెట్టుట గాని తగదు. కావున అమెరికా రైతు మాదిరిని మనము వేట విషయమున అనుసరింపలేము. అనుసరింప పనియును లేదు.

గడ్డి విషయము మాత్రము మనకు దూరమైనది కాదు. కర్నూలు జిల్లాలో నుండి ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన రోళ్లపాడు వద్ద, బట్టమేక పక్షి కొరకు 1988లో అభయారణ్యము ఏర్పడెను. ఆ పక్షియు ప్రెయిరీ కోడివలె బయలుగడ్డిలోనే, నేలమీదనే గ్రుడ్డు పెట్టును. సాధారణముగా ఒక కాన్పున ఒక్క గ్రుడ్డే. నేడు దేశమంతటను ఆ జాతి రెండు వందల లోపునకు దిగజారినది. రోళ్లపాడు చుట్టును ఉన్నవి రైతుల సొంత భూములు. అచట కూడ పక్షి బ్రతుకు కంచెలోపలి ప్రభుత్వపు గడ్డితోపాటు, కంచె వెలుపలి కుటుంబముల పొలములమీద ఆధారపడి యుండెను. ఒక జాతి నశించుటకు తుపాకియే అక్కరలేదు, గడ్డి పోయిన చాలునని ప్రెయిరీల చరిత్ర చెప్పుచున్నది.

మన గ్రామములలో బీడు, బంజరు, మేతపోరంబోకు అని పిలుచు భూములు కలవు. దున్నక విడిచిన నేల వ్యర్థమైన నేలయని మనలో పెక్కుమంది భావింతురు. అయోవా రైతులును ఒకప్పుడు అట్లే భావించిరి. ఆ గడ్డియే తమ నల్లమన్నును చేసినదని వారికి తెలియునప్పటికి వేయింట ఒక పాలు కూడ మిగులలేదు. తరువాత శ్మశానముల మూలలలో విత్తనములు ఏరుకొనవలసి వచ్చెను.

మీ గ్రామమున గట్టుమీదనో, గుట్టపక్కనో, మేతబయలులోనో నాగలి తగులని గడ్డితావు ఇంకను ఉన్నదేమో చూడుడు. ఉన్నచో దానిలో ఏ గడ్డి పెరుగుచున్నదో, ఏ పక్షి గూడు కట్టుచున్నదో ఊరి పెద్దలను, గొర్రెల కాపరులను అడిగి, బడిపిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయించుడు. దానిని ఆక్రమణలనుండి కాపాడు విషయమును పంచాయతీ సమావేశమున చర్చింపుడు. పోయిన గడ్డిని తిరిగి తెచ్చుటకు ఒక కుటుంబము పూర్తి జీవితకాలము వెచ్చింపవలసి వచ్చెను. ఉన్నదానిని నిలుపుకొనుటకు ఊరివారి శ్రద్ధ చాలును.